మీరు లేని పూట మాటలాడవలసిన సూచి

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఒక పౌరగ్రంథాలయమునందు దినమునకు మూడు నాలుగు గంటలు మాత్రమే పనిచేయుటకు కుదిరి, ఆ స్వల్పకాలములోనే క్రొత్తగా వచ్చిన పుస్తకములకు సంఖ్యలు వేసి, పట్టికల కెక్కించి, చదువరి చేతి కందునట్లు అలమారులలో నిలుపవలసిన బాధ్యతను స్వీకరించినవారు మీరైనచో, ఈ అధ్యాయము మీ కొఱకే. పుస్తకముల కట్టలు విప్పుచుండగనే మీ పూట ముగిసిపోవుచున్నదా? నిన్న సగములో విడిచిన పని యెచ్చట నాగినదో వెదకుకొనుటకే నేడు అరగంట పట్టుచున్నదా? మీరు సర్దిన పుస్తకము మరల మీరు వచ్చువరకు ఎవరికిని దొరకుట లేదని తోడి ఉద్యోగులు చెప్పుచున్నారా? ఈ మూడింటిలో నొకటైనను మీ అనుభవములో నున్నచో అధైర్యపడకుడు. అవి మీ అసమర్థతకు గుర్తులు కావు; దినమంతయు కూర్చుండు ఉద్యోగికి సరిపోవు పద్ధతిని ఒంటిపూట ఉద్యోగి అనుసరింపబోవుటచే కలుగు ఇక్కట్లు.

పూర్తికాలము పనిచేయు గ్రంథపాలకుని జ్ఞాపకశక్తియే సగము సూచి. ఏ నిఘంటువు ఏ అలమారు పై అరలో నున్నదో, ఏ నవల అట్ట ఊడి బైండింగునకు పోయినదో, ఏ ఉపాధ్యాయుడు ఏ పుస్తకమును తీసికొనిపోయి తిరిగి ఇచ్చుట మరచెనో ఆయన కూర్చున్న చోటినుండియే చెప్పగలడు. పట్టికలో లోపమున్నను ఆయన సన్నిధి దానిని పూరించును. మీకు ఆ సౌకర్యము లేదు. ఉదయము పనిచేసి మీరు ఇంటికి వెళ్లిన పిమ్మట, సాయంకాలము గుమ్మమెక్కిన చదువరితో మీకు మారుగా మాటలాడవలసినది మీరు వ్రాసిన సూచియే. కావున పుస్తకము చేతికి తీసికొనినప్పుడెల్ల మీరు వేసికొనవలసిన ప్రశ్న యొక్కటే: నేను లేని పూట, దీనిని కోరి వచ్చినవారికి ఇది దొరకునా?

ఒక సన్నివేశము నూహింపుడు. సాయంకాలము డిగ్రీ చదువుచున్న యొక బాలిక వచ్చి, "సార్, జాషువా గారి గబ్బిలం ఉందా?" అని అడుగును. ఆ పూట నున్న సహాయకుడు రచయితల పట్టికలో 'జాషువా' అను చోట చూచును, లేదు. 'గుర్రం' అను చోట చూచును. అచట ఆ కవిదే 'ఫిరదౌసి' యొక్కటి కనబడును. "ఉన్నట్టు లేదమ్మా, రేపు పొద్దున ఒకసారి రా, కేటలాగు రాసే ఆయన ఉంటారు" అని చెప్పి పంపును. ఉదయము ఆ బాలికకు కళాశాల. ఆమె మరల రాదు. పుస్తకము మాత్రము ఆ గదిలోనే యున్నది. రచయిత పేరు పాత ముద్రణలోని బండి ఱతో 'గుఱ్ఱం' అని యుండుటచే దాని కార్డు వేరొక చోటికి పోయెను. శీర్షికను మాత్రమే చూచి సంఖ్య వేయుటచే పుస్తకము జంతుశాస్త్రపు అరలో చేరెను. వినుకొండలో 1895లో జన్మించిన కవి, 1941లో వెలువడిన కావ్యము, ఆ వినుకొండ యున్న జిల్లాకు ముఖ్యపట్టణమైన నరసరావుపేటలోనే అడిగినవారికి లేకపోయినది. ఇందులో ఎవరి దుర్బుద్ధియు లేదు. తొందరలో తీసికొనబడిన రెండు చిన్న నిర్ణయములు మాత్రమే కలవు. అట్టి నిర్ణయములను సరిగా తీసికొనుట యెట్లో చూతము.

1. పూటకు పది పుస్తకములు చాలును. ఆ పదియు పూర్తి కావలయును.

జిల్లా గ్రంథాలయ సంస్థ కొనుగోలు వలన గాని, కలకత్తాలోని రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము వలన గాని, దాతల వలన గాని పుస్తకములు ఒక్కొక్కటిగా రావు. కట్టలు కట్టలుగా వచ్చును. అందఱును సాధారణముగా చేయు పొరపాటు ఇచ్చటనే మొదలగును. నూఱు పుస్తకములను బల్లపై పఱచి, మొదట అన్నిటికిని ముద్రలు వేయుదురు. పిదప అన్నిటికిని వరుస సంఖ్యలు వేయుదురు. ఆ పిదప వర్గ సంఖ్యలు నిర్ణయింప నారంభింతురు. దినమంతయు పనిచేయువారికి ఇది సుళువైన మార్గమే. మీకు మాత్రము ఇది ప్రమాదకరము. ఏలయన మీ పూట ముగిసిన వేళకు ఆ నూఱు పుస్తకములును ఏ పట్టికలోను పూర్తిగా నెక్కక, ఏ అరకును చెందక బల్లమీద మిగులును. సాయంకాలము వార్తాపత్రికలకు చోటు కావలసివచ్చి ఎవరో వానిని నేలమీదికి దించుదురు. మఱునాటికి వరుస తప్పును.

కనుక పది పుస్తకములను మాత్రమే పెట్టెనుండి తీయుడు. బిల్లుతో సరిచూడుడు. పుటలు తిరుగవేసి, చినిగినవి, రెండుమార్లు కుట్టబడినవి, తలక్రిందులైనవి యున్నవేమో పరీక్షింపుడు. లోపమున్న ప్రతిని తిప్పి పంపుటకు ముద్ర వేయకముందే వీలుండును గాని వేసిన తరువాత ఉండదు. పిదప యాక్సెషన్ రిజిస్టరులో నెక్కించి, ముద్ర వేసి, వర్గ సంఖ్య నిర్ణయించి, కార్డులు వ్రాసి, చీటీ యంటించి, అరలో పెట్టుడు. ఆ పదియు అరలో చేరిన పిమ్మటనే పదునొకండవదానిని ముట్టుకొనుడు. పది అనునది శాసనము కాదు. మీ చేతివేగమునుబట్టి ఆరైనను సరియే.

ఇంత పట్టుదల యెందుకని మీ కనిపింపవచ్చును. 1960 నాటి పౌరగ్రంథాలయముల చట్టము ననుసరించి, ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీ నడుపువాడును, దాచేపల్లిలో చిల్లర దుకాణము పెట్టుకొన్నవాడును ఇంటిపన్నుతోపాటు దీనిని చెల్లించుచున్నారు. వారి సొమ్ముతో వచ్చిన పుస్తకము పెట్టెలో నున్నంత కాలము వారిది కానట్లే గదా!

2. అట్టను చూచి సంఖ్య వేయకుడు.

మీ గ్రంథాలయములో 1876లో మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణము అనుసరింపబడుచున్నచో, తెలుగు సాహిత్యమునకు 894.827 అను సంఖ్య మీకు కంఠస్థమై యుండును. దానికి 1 చేర్చినచో కవిత్వము, 2 చేర్చినచో నాటకము, 3 చేర్చినచో కథలును నవలలును అగును. సంఖ్య తెలియకపోవుట వలన కలుగు తప్పులు స్వల్పము. పుస్తకము తెఱవకుండ శీర్షికను నమ్ముట వలన కలుగునవే యధికము. 'బారిష్టరు పార్వతీశం' మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల. జీవితచరిత్రలలో వెదకువానికి దాని యవసరము లేదు, నవలలలో వెదకువానికి అది కనబడదు. 'మాలపల్లి' నవలయే గాని గ్రామములను గూర్చిన సాంఘికశాస్త్ర గ్రంథము కాదు. దీనికి విపర్యయముగా, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ఆయన స్వీయచరిత్ర. కథకుని పేరు చూచి దానిని కథలలో కలుపుట తగదు.

ఇందుకు చాల సమయము పట్టునని భయపడవలదు. ముఖపత్రము, దాని వెనుకపుట, విషయసూచిక, ముందుమాటలోని మొదటి పుట: ఈ నాలుగింటిని చూచినచో పదింట తొమ్మిది పుస్తకముల స్వరూపము తేటపడును. పదియవదానిపై సందేహమున్నచో పెన్సిలుతో తాత్కాలిక సంఖ్య వేసి, మఱునాడు పూర్తికాలపు గ్రంథపాలకుని అడుగుడు. అడుగుటలో చిన్నతనము లేదు.

3. ఒక రచయితకు ఒకే పేరు. తక్కిన పేర్లన్నియు దాని వద్దకు దారి చూపవలయును.

తెలుగు పుస్తకముల సూచీకరణములో ఇంతకంటె శ్రమతో కూడిన పనియు, ఇంతకంటె ఫలప్రదమైన పనియు మఱొకటి లేదు. మన రచయితలకు ఇంటిపేరు, పెట్టిన పేరు, కలము పేరు, లోకము పిలుచు పేరు వేఱు వేఱుగా నుండును. శ్రీరంగం శ్రీనివాసరావుగారిని లోకము శ్రీశ్రీగానే యెఱుగును. గుడిపాటి వెంకటచలమును ఎవరును ఇంటిపేరుతో అడుగరు. ఆరుద్ర పుస్తకమును భాగవతుల వారి పేర వెదకువాడు నూటికొక్కడు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి పుస్తకముపై ఆ నిండు పేరే యుండును గాని చదువరి నోట వచ్చునది రావిశాస్త్రి యను మాట. తిరుపతి వేంకట కవులు ఇద్దఱు. బీనాదేవి యను పేరు వెనుక నున్నవారు దంపతులు. ఇన్ని విధములలో ఏది సరియైనదని ప్రశ్నించుచు కూర్చున్నచో పూట గడచిపోవును. రచయిత పుస్తకముల ముఖపత్రములపై ఎక్కువగా కనబడు రూపమును గ్రహించి, దానినే స్థిరపఱచి, తక్కిన ప్రతి రూపమునకును ఒక చిన్న కార్డు వ్రాసి, 'ఫలానా పేరు చూడుడు' అని దారి చూపుటయే మీ పని.

నవలలు చదువు గృహిణులు "సులోచన గారి నవల ఏదైనా ఇవ్వండి" అని యడుగుదురు. యద్దనపూడి సులోచనారాణిగారా, మాదిరెడ్డి సులోచనగారా? కార్డు ఇంటిపేరు క్రింద మాత్రమే యున్నచో సహాయకుడు తెల్లబోవును. 'సులోచన' యను పేరు క్రింద ఇద్దఱికిని దారి చూపు కార్డు ఒక్కటి యున్నచో ఆ చిక్కు తీరును.

ఇందులకై ఒక లావుపాటి నోటుపుస్తకమును ప్రత్యేకముగా నుంచి, దానికి 'పేర్ల పుస్తకము' అని పేరిడుడు. మీరు స్థిరపఱచిన ప్రతి రూపమును అకారాది క్రమమున అందులో వ్రాయుడు. ఆ యకారాదియందును కొన్ని చిన్న నియమములను ముందే యేర్పఱచుకొనవలయును: సున్న యెచ్చట వచ్చును? బండి ఱను మామూలు రతో కలుపుదురా, విడదీయుదురా? 'గబ్బిలము' అనియు 'గబ్బిలం' అనియు రెండు ముద్రణలు వచ్చినప్పుడు రెండు కార్డులును ఒక్క చోటనే యుండునా? ఏ నియమమైనను మంచిదే. ఉన్న నియమము మారకుండుటయే ముఖ్యము. నా మట్టుకు ఱను రతో కలుపుటయే మేలని తోచును. నేటి చదువరులలో అనేకులు ఆ యక్షరమును వ్రాయుట లేదు గదా! ఆ నియమములను అట్టముక్కపై వ్రాసి కార్డుల పెట్టెమీద అంటింపుడు. సాయంకాలపు సహాయకుడు వానిని రెండు నిమిషములలో చదివికొనును.

4. పల్నాటిని గూర్చిన ప్రతి పుస్తకమును విషయసూచిలో ఒక్క చోటికి చేర్చుడు.

రాష్ట్రములోని యే గ్రంథాలయమునను ఉండదగిన పుస్తకములకు సూచి ఎవరైనను వ్రాయగలరు. మీ సీమను గూర్చిన పుస్తకములకు మీరు తప్ప మఱియెవ్వరు శ్రద్ధతో వ్రాయుదురు? 'పల్నాటి వీరచరిత్ర' శ్రీనాథకృతముగా ప్రసిద్ధము. దానిని అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి 1911లో ప్రకటించిరి. తరువాత పింగళి లక్ష్మీకాంతముగారును పరిష్కరించిరి. ఒకే శీర్షికతో నున్న ఈ రెండు పరిష్కరణములును మీ అలమారులో పక్కపక్కన నిలుచును. పరిష్కర్త పేరుతో కార్డు వ్రాయనిచో పరిశోధన చేయువానికి ఏది యేదో తెలియదు. ఆ కథయే ఉన్నవ లక్ష్మీనారాయణగారి చేతిలో 'నాయకురాలు' అను నాటకమైనది. ఇతరుల చేతులలో నవలయు, బాలల కథయు, చరిత్రవ్యాసమును అయినది. వర్గ సంఖ్యను బట్టి ఇవి నాలుగు అలమారులకు చెదరిపోక తప్పదు. చెదరిన వానిని తిరిగి కూడదీయగలది విషయసూచి మాత్రమే. 'పల్నాటి యుద్ధము' అను నొక్క శీర్షికను నిలిపి, వీనికన్నిటికిని దాని క్రింద కార్డులు వ్రాయుడు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కారెంపూడి అను మాటలనుండి అచటికి దారి చూపుడు. కార్తికమాసమున కారెంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగు దినములలో ఈ కార్డుల ప్రయోజనము మీకే విదితమగును.

పుల్లరి సత్యాగ్రహమున 1922లో ప్రాణములర్పించిన కన్నెగంటి హనుమంతును గూర్చిన పుస్తకము జీవితచరిత్రలలో నుండుట న్యాయమే. అయినను చదువరి 'పుల్లరి' యని యడుగవచ్చును, 'మించాలపాడు' అని యడుగవచ్చును, 'స్వాతంత్ర్యోద్యమములో పల్నాడు' అనియు నడుగవచ్చును. ఒక పుస్తకమునకు మూడు విషయ కార్డులు వ్రాసినంత మాత్రమున మీ కాలము వృథా కాదు.

"సాగర్ గురించి పుస్తకం కావాలండీ" అని మాచర్లలో ఒక విద్యార్థి వచ్చినాడనుకొందము. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆనకట్టను గూర్చియా? ఆ జలాశయము నిండకపూర్వము త్రవ్వకములలో బయల్పడిన ఇక్ష్వాకుల నాటి విహారములను గూర్చియా? ఒకటి నీటిపారుదల నిర్మాణములలోను, రెండవది చరిత్రలోను ఉండును. 'నాగార్జునసాగరము' క్రింద 'నాగార్జునకొండ కూడ చూడుడు' అని వ్రాసినచో ఆ బాలుడు తానే తేల్చుకొనును.

ఇంకొక చిక్కు ఇటీవలిది. 2022 ఏప్రిల్ 4వ తేదీకి పూర్వము ఈ ప్రాంతమంతయు గుంటూరు జిల్లాలోనిది. అంతకు ముందు ముద్రితమైన పుస్తకములు సాధారణముగా నరసరావుపేటను, వినుకొండను గుంటూరు జిల్లా పేరనే పేర్కొనును. క్రొత్త జిల్లా యేర్పడినది గదా యని పాత కార్డులన్నిటిని కొట్టివేసి తిరుగ వ్రాయుట వ్యర్థశ్రమ. 'పల్నాడు జిల్లా' అను శీర్షిక క్రింద 'పూర్వపు గ్రంథములకు గుంటూరు జిల్లా చూడుడు' అని యొక్క కార్డు చాలును.

5. చదువరి నోట వచ్చు మాటను విషయపదముగా గ్రహింపుడు.

"అయ్యా, మా మిరపతోటకి తామరపురుగు తగిలింది, దాని గురించి పుస్తకమేదన్నా ఉందా?" అని యొక రైతు గురజాల గ్రంథాలయములో నిలిచి యడిగినచో, మీ పట్టికలో 'ఉద్యాన పంటల సస్యరక్షణ' అని మాత్రమే యున్న కార్డు అతనికి అక్కఱకు రాదు. పుస్తకము పేరును మార్చుటకు మనకు అధికారము లేదు. కాని 'మిరప', 'తామరపురుగు' అను విషయపదములను చేర్చుటకు ఏ యాటంకమును లేదు. 'మిర్చి' అని యడుగువారిని 'మిరప' వద్దకు, 'ప్రత్తి' అని వెదకువారిని 'పత్తి' వద్దకు పంపుడు. విషయపదమును తోచినప్పుడు కల్పించుకొనుట కంటె, అడిగిన మాటలను వ్రాసికొనుట ఉత్తమము. మీ సహాయకునికి ఒక చిన్న పుస్తకమిచ్చి, సాయంకాలము దొరకక తిరిగిపోయిన ప్రతి ప్రశ్నను అడిగినవారి మాటలలోనే వ్రాయుమని కోరుడు. మఱునాటి ఉదయము మీరు మొదట చదువవలసినది దానినే. డాక్టర్ ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాల్గవది చదువరి కాలమును మిగుల్చుటను గూర్చినది. ఆ సూత్రము మీ గ్రంథాలయములో ఎంతవఱకు నెఱవేఱుచున్నదో ఆ చిన్న పుస్తకము నిక్కముగా చెప్పును.

పోటీ పరీక్షలకు చదువు యువకుల విషయములో విషయపదము చాలదు. ముద్రణ సంవత్సరము కార్డుపై స్ఫుటముగా కనబడవలయును. 2014 జూన్ 2న రాష్ట్రవిభజన జరిగెను; అంతకు ముందటి భూగోళ, ఆర్థికాంశముల గైడును క్రొత్తదనుకొని చదివి పరీక్షకు పోయిన బాలుని కష్టమునకు మనమును కొంత బాధ్యులమే యగుదుము. డీఎస్సీ, కానిస్టేబులు పరీక్షల ప్రకటనలు వెలువడినప్పుడు మాత్రము పది పుస్తకముల వరుసను మీఱి ఆ పుస్తకములను ముందునకు తెచ్చుట తప్పు కాదు.

6. పాత పుస్తకముల కాలమును తెలిసికొనుట.

ముఖపత్రముపై క్రీస్తుశకము లేక 'రక్తాక్షి' అను సంవత్సర నామము మాత్రమే యుండెననుకొందము. అది 1864–65, 1924–25, 1984–85లలో ఏదైనను కావచ్చును. వెలను చూడుడు. వెల అణాలలో నున్నచో, దశాంశ నాణెములు 1957 ఏప్రిల్‌లో వచ్చినవి గనుక, మూడవది తొలగిపోవును. ముద్రణాలయము పేరు, రచయిత జీవితకాలము తక్కిన సందేహమును తీర్చును. శాలివాహన శకమైనచో 78 కలుపుడు. అప్పటికిని నిశ్చయము కానిచో, ఊహించిన సంవత్సరమును చదరపు కుండలీకరణములలో వ్రాసి, ప్రక్కన ప్రశ్నార్థకము నుంచుడు. ఏమియు వ్రాయక విడుచుటకంటె అది మేలు.

7. చీటీ ఊడునని ముందే యెఱిగి పనిచేయుడు.

వేసవిలో రెంటచింతల యెండల ఖ్యాతి రాష్ట్రమంతటికిని తెలిసినదే. ఆ వేడికి జిగురెండి చీటీలు రాలుట ఈ ప్రాంతములో తప్పనిసరి. రాలిన చీటీని మఱియొక పుస్తకమునకు అంటించు ఉపకారబుద్ధి గలవారును లేకపోరు. కనుక పుస్తకపు వెన్నుపై, అడుగునుండి అంగుళము ఎత్తున, చీటీ యంటించుటతో నాగక, అదే సంఖ్యను ముఖపత్రము వెనుకపుటలో పెన్సిలుతో వ్రాయుడు; మీ గ్రంథాలయము నిర్ణయించుకొనిన రహస్యపుటపైన యాక్సెషన్ సంఖ్యను వేయుడు. మూడు చోట్ల నొకటి నిలిచినను పుస్తకము తన స్థానమునకు తిరిగి చేరును. గోడకు ఆనించిన అలమారుల క్రింది అరలలో చెద పట్టునేమో వారమున కొకసారి చూడుడు.

8. కంప్యూటరులో నెక్కించునప్పుడు.

ఈ-గ్రంథాలయ వంటిదో, కోహా వంటిదో ఏ సాఫ్ట్‌వేరు మీ గ్రంథాలయములో నున్నను, తెలుగును యూనికోడులోనే కొట్టుడు. డి.టి.పి. పనికై వాడు పాత ఫాంట్లలో కొట్టిన శీర్షిక తెరపై అందముగా కనబడును గాని, వెదకినప్పుడు దొరకదు. మఱొక యంత్రములో తెఱచినచో అక్షరములు గందరగోళమగును. వెదకు యంత్రమునకు 'గబ్బిలము', 'గబ్బిలం' రెండు వేఱు మాటలు. కావున ముఖపత్రముపై నున్న రూపమును శీర్షికగా నుంచి, రెండవ రూపమును ఇతర శీర్షికగా చేర్చుడు. పేర్ల పుస్తకమును యంత్రము వచ్చినది గదా యని అటుక మీద పడవేయకుడు; యంత్రమునకు అది యిదివఱకటికంటె నెక్కువ అవసరము. ప్రతి పూట చివర ఒక నకలును వేఱు చోట భద్రపఱచుడు.

9. దానముగా వచ్చిన పుస్తకములు.

పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుని కుటుంబమువారు రెండు ట్రంకు పెట్టెలు తెచ్చి, "మా నాన్నగారి పుస్తకాలండీ, అన్నీ ఒకే చోట పెట్టండి" అని కోరుదురు. వారి దుఃఖమును గౌరవింపుడు. కాని నెఱవేర్చలేని మాట ఈయకుడు. పుస్తకములు విషయమును బట్టి విడివడుననియు, ప్రతిదానిపైన దాత పేరు వ్రాయబడుననియు, రిజిస్టరులో ఆ పేరు నిలుచుననియు మెల్లగా తెలియజెప్పి, జాబితా వ్రాసి, గ్రంథపాలకుని సంతకముతో రసీదు ఇప్పింపుడు.

అట్టి పెట్టెలలో నొక్కొక్కప్పుడు అపూర్వమైన వస్తువులు దొరకును. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథభాండాగారముల తొలి మహాసభ జరిగిన పిమ్మట, గ్రామగ్రామమున యువకులు చందాలు వేసికొని పఠనమందిరములు నెలకొల్పిరి. వానిలో ననేకము నేడు లేవు. దానముగా వచ్చిన పుస్తకముపై అట్టి గ్రామ గ్రంథాలయపు రబ్బరు ముద్ర కనబడినచో, దానిని సిరాతో కొట్టివేయకుడు. దానిపై మీ ముద్ర వేయకుడు. ప్రక్కన ఖాళీలో మీ ముద్ర వేసి, రిజిస్టరు అభిప్రాయపు గడిలో 'ఫలానా గ్రామ గ్రంథాలయపు ముద్ర కలదు' అని వ్రాయుడు. ఆ గ్రామములో ఒకప్పుడు గ్రంథాలయముండెననుటకు ఆ ముద్రయే మిగిలిన సాక్ష్యము కావచ్చును. రిజిస్టరులో ఆ వాక్యము వ్రాయుటకు అర నిమిషము పట్టును. ఇది మానవలదని మిమ్ము వేడుకొనుచున్నాను. తాళపత్రములు దొరకినచో తుడిచి శుభ్రము చేయ బూనుకొనక, గుడ్డలో చుట్టి గ్రంథపాలకునికి అప్పగింపుడు.

10. చివరి పది నిమిషములు వ్రాతకు కేటాయింపుడు.

ఎంత పని మిగిలియున్నను, మీ పూట ముగియుటకు పది నిమిషములు ముందుగా క్రొత్త పుస్తకము తీయుట మానుడు. ఒక దినచర్య పుస్తకములో తేదీ వేసి, నేడు అరలో చేరిన పుస్తకముల మొదటి, చివరి యాక్సెషన్ సంఖ్యలు, పెన్సిలు సంఖ్యతో సందేహములో నిలిపినవి, క్రొత్తగా స్థిరపఱచిన పేర్లు, తిప్పి పంపవలసిన ప్రతులు: ఈ నాలుగింటిని వ్రాయుడు. మఱునాటి ఉదయము మీ అరగంట మీకు మిగులును. మీరు జ్వరపడినచో మఱొకరు పనిని అందుకొనగలరు.

దీనివలన మీకును స్వప్రయోజనము కలదు. ఒంటిపూట పనికి లభించు వేతనము స్వల్పము, స్థిరత్వమును తక్కువయే. ఆ మాటను దాచుట వలన ప్రయోజనము లేదు. ఏండ్లకొలది చేసిన పనికి సాక్ష్యము లేకపోవుట అంతకంటె పెద్ద నష్టము. నెలకొకసారి ఆ పుస్తకమును గ్రంథపాలకునికి చూపి సంతకము పెట్టింపుడు. సర్టిఫికెట్టు కోర్సు గాని, ఇగ్నో వంటి సంస్థలు దూరవిద్యలో నడుపు గ్రంథాలయశాస్త్రపు పట్టా గాని చదువ దలచినచో, మీ పగటి పూటలో సగము మీ చేతిలోనే యున్నది. వర్గీకరణ, సూచీకరణ పరీక్షలకు మీరు నిత్యము చేయుచున్న పనికి మించిన అభ్యాసము లేదు. పూర్తికాలపు ఉద్యోగమునకు పిలుపు వచ్చిననాడు అనుభవపత్రముతో పాటు ఆ దినచర్య పుస్తకపు నకలును తీసికొని వెళ్లుడు. అసలును, పేర్ల పుస్తకమును, అకారాది నియమముల అట్టను మీ తరువాత వచ్చువారికి లెక్కపెట్టి అప్పగించి, అందినట్లు సంతకము తీసికొనుడు.